అటక మీది గిటారు

రోడ్డు వెడల్పు చేస్తున్నారు, నాయన పనికొట్టం పోతోంది, నీకు కావలసినవి ఏమైనా ఉంటే వచ్చి తీసుకుపొమ్మని తమ్ముడు మౌని ఫోను చేస్తే, మార్కాపురం నుంచి బస్సెక్కి గిద్దలూరు వెళ్లాను. నేను చేరేసరికే ముందు గోడ లేదు. మా ఇంటి ముందు భాగమంతా నాయన వడ్రంగం చేసిన కొట్టం, వెనక ఉన్న రెండు గదులూ వంటిల్లూ మేం బతికినవి. గోడ పోయాక రోడ్డు మీద నిలబడిన వాడికి కూడా మా వంటింటి గూట్లో దీపం మసి కనపడుతోంది. అది చూడగానే నాకు చిరాకు మొదలైంది. ఆ రోజంతా అది తగ్గలేదు, నిజం చెప్పాలంటే ఈ నాలుగు మాటలు రాస్తున్న ఇప్పటికీ తగ్గలేదు. మౌని కొడుకు నిచ్చెన వేసుకుని అటక మీదివి ఒక్కొక్కటే దించుతున్నాడు. విరిగిన బండిచక్రపు ఆకులు, తుప్పు పట్టిన రంపాలు, ఎవరింటిదో ఊయల కోడు. అన్నిటికంటే వెనక, గోనెపట్టాలో చుట్టి పురికొసతో కట్టినది ఒకటి ఉంది. వాడు దాన్ని దించి, విప్పి, దుమ్ము ఊది, "ఇదేంది అత్తా, వీణా?" అని అడిగాడు.

గిటారు అని చెప్పాను. వాడు నమ్మలేదు. గిటారు ఇట్ల ఉండదు, ఇక్కడ ఒక భుజం ఎలుక కొరికేసినట్టుంది చూడు, అన్నాడు. కొరకలేదు, మీ తాత అట్లనే చేసినాడు అన్నాను. ఎందుకట్లా అంటే, చెయ్యి మెడ మీది పై మెట్ల దాకా అందడానికి అన్నాను. అయితే ఇట్లా వాయిస్తారా అన్నట్టు గాలిలో చేయి పైకీ కిందికీ ఊపి చూపించాడు. అట్ల గీకేది కాదు ఇది, ఒక్కో వేలితో ఒక్కో తీగ మీటేది అన్నాను. వాడు తలూపి పక్కకు పెట్టాడు. ఇంతలో మౌని వచ్చి చూశాడు. "ఇంకా ఉందా ఇది? పగిలిపోయింది గదా. ట్రాక్టర్లో వెయ్యిరా" అన్నాడు. వెయ్యొద్దని నేను అడ్డం పోయాను. పక్కింటివాళ్లు, ఎదుటి దుకాణం వాళ్లు, రోడ్డు పనివాళ్లు, వచ్చిన ప్రతివాళ్లూ అది ఏమిటని అడిగారు. ఒకరికి చెప్పి ముగించేలోపు ఇంకొకరు అడిగేవారు. సాయంత్రానికి చెప్పే ఓపిక లేక, పెట్టె అనేశాను.

ఆ కొట్టంలో నేను పెరిగాను. తెల్లారితే అమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతుంటే, నాయన ముందురోజు చిత్రిక పట్టిన పొట్టు పోగేసి మూడు రాళ్ల మధ్య అంటించేవాడు. దాని మీద వజ్రం కాగేది. వజ్రం అంటే వడ్రంగి వాళ్లకు జిగురు, పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి చేసే అచ్చులు కరిగించి వాడతారు. ఆ వాసన ఇంట్లో దుప్పట్లకు, అన్నానికి, మా జడలకు కూడా పట్టేది. మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, ఆ పొగ రాగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆచారి పుటక పుట్టినోడు దేవుడి పటం ముందర ఈ కంపు పెడతాడా అని గొణిగేది. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఆమె భర్త పెట్టిందీ అదే కంపు. నాయన బదులు చెప్పేవాడు కాదు. ఆయన దేనికీ తొందరగా బదులు చెప్పే మనిషి కాదు. టీ తాగేదాకా మాటే లేదు. పది గంటలకు సంగటి ముద్ద తిన్నాక కొంచెం మాట్లాడేవాడు. చెవి మీద పెన్సిలు, నోట్లో పుల్ల. ఏ చెక్క చేతికి వచ్చినా వేలి కణుపుతో టకటక కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. పెళ్లి కాకముందు మార్కాపురంలో బడిపిల్లల పలకలకు చట్రాలు చేసిన చేయి ఆయనది, సన్నటి పుల్లను చీలకుండా మలచడం అక్కడ అలవాటైంది. ఏమడిగినా ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట, "చేస్తాలే." అమ్మకు పీట కావాలన్నా, మౌనికి బొంగరం కావాలన్నా అదే. కొన్ని చేశాడు, కొన్ని చేయలేదు. ఏది చేస్తాడో ఏది చేయడో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

స్టేషను వెనక రైల్వే క్వార్టర్లలో, పట్టాల పర్యవేక్షణ చూసే ఇన్‌స్పెక్టరు సిరిల్ దొర, ఆయన భార్య నోరా ఆంటీ ఉండేవాళ్లు. వాళ్లది గుంతకల్లులో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం. దొర రోజంతా ట్రాలీ మీద నల్లమల లోపల దిగువమెట్ట వైపు తిరిగేవాడు. ఆమెకు పిల్లలు లేరు, పొద్దుపోక ఊళ్లో ఆడపిల్లలకు ఇంగ్లీషు చెబుతానని కబురు పెట్టింది. నేను టీచరు ట్రైనింగు సీటు కోసం చదువుతున్నాను, ఇంగ్లీషు నాకు కొరకరాకుండా ఉంది. నాయన ఏ కళనున్నాడో పొమ్మన్నాడు. మొదటి రోజు నేను వెళ్లేసరికి ఆమె వరండాలో పేము కుర్చీలో కూర్చుని గిటారు వాయించుకుంటోంది. అంతకుముందు నేను గిటారు చూసింది చర్చిలో క్రిస్మస్ పండగప్పుడే. అక్కడ అన్ని తీగలనూ కలిపి ఒకేసారి గీకేవారు, పాట జనం పాడేవారు. ఈమె అలా చేయలేదు. బొటనవేలు లావు తీగల మీద నడుస్తోంది, తొందర లేని మనిషి సాయంత్రం పూట నడిచినట్టు. మిగతా వేళ్లు సన్నతీగల మీద పాట వేస్తున్నాయి, మధ్యలో ఆ పాటకు పక్కన నిలబడే స్వరాలు కూడా ఆ వేళ్లే వేస్తున్నాయి. పాట ఇటు పోతుందనుకుంటే అటు పోయేది, తప్పిపోయింది అనుకునేలోపు ఇల్లు చేరేది. ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నారేమోనని నేను గది లోపలికి తొంగి చూశాను. ఆమె నవ్వి, దీన్ని జాజ్ అంటారు, మా నాన్న నేర్పాడు అంది.

ఇంగ్లీషు చదువు సగం, గిటారు సగంగా నడిచింది. ఆమె తన గిటారును నా ఒళ్లో పెట్టి బొటనవేలి నడక ఒక్కటే నేర్పింది. మిగతా వేళ్ల జోలికి పోవద్దు, ముందు ఇది నిద్రలో కూడా తప్పకూడదు అనేది. ఒక నెల అట్లా గడిచాక, ఆమె గుంతకల్లు నుంచి గిటారుతో తిరిగి వస్తుండగా రైల్లో దాని మీద ఎవరిదో ఇనుప ట్రంకు పడి, మెడ విరిగి, పొట్ట నుజ్జయింది. ఆ ముక్కలు ఒక దుప్పట్లో కట్టుకుని ఆమె మా కొట్టానికి వచ్చింది. నాయన లేచి నిలబడి స్టూలు తుడిచి వేశాడు. ముక్కలు తిప్పి తిప్పి చూసి, ఇది అతకదని నాతో చెప్పాడు. అతకమని కాదు, కొత్తది చెయ్యమంటోంది అని నేను చెప్పాను. నాయన చాలాసేపు ఆ పగిలిన పొట్ట లోపలి పట్టీల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన అంతకుముందు చేసినవి తలుపులు, బండ్లు, మంచాలు. "చేస్తాలే" అన్నాడు. ఆ మాటను నేను ఆమెకు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దని కూడా చెప్పాలనిపించింది.

అక్కడి నుంచి నా ప్రాణం విసిగింది. ఆంటీకి ఇంగ్లీషు, రైల్వే హిందీ తప్ప రావు. నాయనకు తెలుగు తప్ప రాదు. మధ్యలో నేను. కొలతలతో గొడవ లేదు, అవి వేళ్లతో చూపించుకునేవాళ్లు. మెడ కొంచెం వెడల్పుండాలి, వేళ్లు ఒకదాన్నొకటి తగలకుండా. పొట్ట చిన్నదిగా ఉండాలి, ఒళ్లో ఒదగాలి. ఒక భుజం లోపలికి కోసుకుపోవాలి. ఇవన్నీ చెప్పడం తేలిక. గొడవంతా శబ్దం గురించి. ఆమె అది వెచ్చగా ఉండాలంటుంది. నేను వెచ్చగా అని చెబితే నాయన, శబ్దం వెచ్చగా ఉండేదేంది, అన్నమా అంటాడు. పొడిగా ఉండాలంటుంది. చెక్క ఎండిందే గదా, ఇంకా ఎంత ఎండాలంట అని ఆయన. గంట కొట్టినట్టు సాగకూడదు, మీటగానే పుట్టి, చెప్పాల్సింది చెప్పి, పక్క స్వరానికి దారి ఇచ్చి పోవాలంటుంది. అది నేను ఎట్లా చెప్పాలో తెలియక, ఎక్కువసేపు మోగకూడదంట నాయనా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "మోగకూడదంటే నా దగ్గరికెందుకు? మంచం కోడు మీటుకోమను." ఆమె ఏమన్నాడని అడుగుతుంది. ఆలోచిస్తానన్నాడని చెప్పేదాన్ని. ఇద్దరికీ నా మీదనే అనుమానం. నువ్వు సరిగ్గా చెప్పడం లేదని ఈయన, నువ్వు సగమే చెబుతున్నావని ఆమె. తర్వాత రోజుల్లో నేను ఎన్నో పుస్తకాలు తెలుగులోకి అనువాదం చేశాను కానీ, ఆ కొట్టంలో స్టూలు మీద కూర్చుని ఆ ఇద్దరి మధ్య పడినంత అవస్థ ఏ పుస్తకంతోనూ పడలేదు. చివరికి ఒక రోజు ఆమె విసుగెత్తి లేచి, గోడకు ఆనించిన చెక్కలను వరసగా వేలితో కొట్టుకుంటూ పోయి ఒకదాని దగ్గర ఆగింది. "ఆచారి, ఇది" అంది. నాయన వచ్చి అదే చెక్కను కొట్టి విన్నాడు. ఇంకొకటి కొట్టి ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత వాళ్లకు నాతో పని తక్కువైంది. అందుకు సంతోషించాల్సింది పోయి, ఇన్నాళ్లూ నన్ను ఎందుకు తిన్నారని ఇంకా మండింది.

వెనకకూ పక్కలకూ జిట్టేగి చెక్క, రోజ్‌వుడ్ అంటారే అది, కావాలని తేలింది. కోతమిల్లు ఖాసిం మామ అడవి డిపో వేలంలో కొన్న మొద్దు ఒకటి కోసి పెట్టాడు. నల్లగా, లోపల ఊదా రంగు చారలతో ఉండేది. పై పలకకు తేలిక చెక్క మా వైపు దొరకదు, గుంతకల్లు రైలింజన్ల షెడ్డుకు యంత్రాలు వచ్చిన పెట్టెల దేవదారు పలకలు సిరిల్ దొర తెప్పించాడు. పక్కలు వంచడానికి నాయన వాటిని వేడినీళ్లలో నానబెట్టి, లోపల నిప్పులు పోసిన ఇనుప గొట్టం మీద పెట్టి అదిమేవాడు. మామూలు వంపు వచ్చింది. ఆ కోసుకుపోయిన భుజం దగ్గర మాత్రం చెక్క ప్రతిసారీ టప్పున విరిగేది. విరిగినప్పుడల్లా నాయన లేచి వీధిలోకి పోయి కాసేపు నిలబడి వచ్చేవాడు. ఖాసిం మామ వచ్చి, ఆ దొరసానికి రెండు భుజాలూ సమంగా ఉంటే ఏం నష్టమంట ఆచారీ అని అడిగేవాడు. మరోపక్క, కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒక పెద్దాయన సింహద్వారం కోసం రోజూ వచ్చి కూర్చునేవాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతోంది, దర్వాజా ఇంకా దూలంగానే ఉంది. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి ఇచ్చి అలసిపోయింది. ఒకరోజు నాయన ముందు నిలబడి, "ఆ డబ్బీ మోజులో పడి ఊళ్లో మొకం చూపియ్యకుండా చేస్తాండవు" అంది. నాయన ఆ రోజు దర్వాజా పని పట్టాడు, ముహూర్తానికి ఇచ్చాడు. మర్నాడు మళ్లీ గొట్టంలో నిప్పులు పోశాడు.

వానలు పట్టిన రోజుల్లో అది పూర్తయింది. పాత గిటారు నుంచి తీగలు బిగించే బిరడలు, మెట్లుగా కొట్టే ఇత్తడి తీగ తీసి దీనికి వేశారు. ఆంటీ అందుకుని, సుతిమెత్తగా మీటి, ఇంకా కుర్రదిగా ఉంది, పెరగాలి అంది. ఆ వర్షాకాలం, ఆ తర్వాత చలికాలం, నా జన్మలో మంచి రోజులంటే అవే. సాయంత్రం ఇంగ్లీషు పాఠం అయ్యాక ఆమె దాన్ని నాకు ఇచ్చేది. బొటనవేలి నడక నాకు పట్టుబడింది. చూపుడువేలు, మధ్యవేలు కూడా మెల్లగా కలిశాయి. మూడు చిన్న పాటలు మొత్తంగా వాయించగలిగే దాకా వచ్చాను. ఎడమ చేతి వేళ్ల కొసలు కాయలు కాశాయి. జేజి అవి పట్టుకు చూసి, ఆడపిల్లకు ఇవేం చేతులే, రేపు చూడటానికి వచ్చినోళ్లు ఏమనుకుంటారు అంది. నేను పట్టించుకోలేదు. వడ్రంగి ఇంట్లో అందరి చేతులూ అట్లాంటివే.

ఎండలు ముదిరాయి. గిద్దలూరు ఎండ సంగతి ఆ ఎండలో ఉన్నవాళ్లకే తెలుసు, కుండలో నీళ్లు కూడా ఎండిపోతున్నట్టు ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఆంటీ లోపల పడుకుని ఉండగా గోడకు ఆనించిన గిటారులోంచి కర్ర విరిచినట్టు చప్పుడైందట. పై పలక నిలువునా చీలింది. ఆమె రాలేదు. పనిమనిషితో దాన్ని కొట్టానికి పంపించింది, ఒక్క మాట కూడా చెప్పి పంపలేదు. అది నాయనకు తగిలింది. చేసిన పని పగలడం కంటే, పనిమనిషి చేతికిచ్చి పంపడం ఆయనకు అవమానమైంది. నాయన ఖాసిం మామ మిల్లుకు పోయి పచ్చిచెక్క అంటగట్టినావని ఆయనతో జగడం పెట్టుకున్నాడు. పగిలింది నా జిట్టేగి కాదు, దొర తెచ్చిన పెట్టె పలక అని మామ వాదన. నేను ఆంటీ దగ్గరికి వెళితే ఆమె, మీ నాన్నకు తలుపులే వచ్చు అంది. ఆ మాట నేను ఇంటికి తేలేదు. నాయన బిరడలూ మెట్లూ ఊడదీసి ఒక డబ్బాలో వేశాడు, మెడా పొట్టా అట్లనే గోనెపట్టాలో చుట్టి అటక ఎక్కించాడు. చెడిపోయిన పని కంటి ముందు ఉండకూడదన్నాడు. అది నాకు ఇయ్యి నాయనా అని నేను అడిగాను. పగిలినదాన్ని ఏం చేసుకుంటావు, నీకు వేరేది చేస్తాలే అన్నాడు.

చాలా రోజులు ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. కానీ నాయన ఎండల్లోనే, ఎవరికీ చెప్పకుండా రెండోది మొదలుపెట్టాడు. ఈసారి మాటలు లేవు, విరగడాలు తక్కువ. పొద్దున్నే మొదలుపెట్టి సంగటికి కూడా లేచేవాడు కాదు. డబ్బాలో వేసిన బిరడలూ మెట్లూ దీనికి బిగించాడు. పూర్తయ్యాక నాతో, ఆమెను రమ్మని చెప్పు, చేతికిచ్చి పంపనని చెప్పు, అన్నాడు. ఆమె వచ్చింది. దొర కూడా వచ్చాడు. దొరసాని కొట్టానికి వచ్చిందని వీధి వీధంతా గుమ్మం ముందు మూగింది. ఆమె స్టూలు మీద కూర్చుని తీగలు సరిచేసుకుని వాయించడం మొదలుపెట్టింది. నేను ఆమె మొహం చూస్తున్నాను. మొదటి స్వరం దగ్గరే ఆమె కళ్లు పైకి లేచాయి, నాయనను చూశాయి, మళ్లీ వాలాయి. తర్వాత ఆమె ఎవరినీ చూడలేదు. ప్రతి తీగ విడివిడిగా, దేని మాట అది చెప్పుకుని పోయింది. అన్నాళ్లు నేను చెప్పలేక చచ్చిన మాటలన్నీ అక్కడ వినపడుతున్నాయి. వీధిలో జనం సినిమా పాట వస్తుందేమోనని కాసేపు చూసి, ఒక్కొక్కరే పోయారు. అయిపోయాక ఆమె లేచి నాయన రెండు చేతులూ పట్టుకుంది. ఆయన సిగ్గుపడి చేతులు లాక్కున్నాడు. వాళ్లు వెళ్లాక నేను ఆత్రంగా, ఎట్లుంది నాయనా అని అడిగాను. ఆయన పొట్టు ఊడుస్తూ, "ఇంత చేసి, ఇంత సన్నగానా. పక్కింటికి కూడా వినపడదు గదా" అన్నాడు. ఆమె అడిగిందాన్ని అడిగినట్టు చేశాడు, అది ఆయనకు నచ్చలేదు. నాకు నచ్చిందని చెప్పబోయాను. ఆయన అప్పటికే మంచం పట్టెలు ముందేసుకున్నాడు.

కొన్నాళ్లకు దొరకు బదిలీ అయింది. సామానంతా బ్రేక్ వ్యాన్‌లో వేసి, గిటారు మాత్రం ఆమె ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. గుంతకల్లు పోయారు, అక్కడి నుంచి ఎటో పోయారు, మళ్లీ కబురు లేదు. నా వేళ్ల మీద కాయలు మెత్తబడసాగాయి. నాయనా, నాది ఎప్పుడు చేస్తావు అని అడిగాను. జిట్టేగి పలక ఒకటి ఇంకా ఉంది, అది నీకోసమే ఎత్తిపెట్టినాలే, చేస్తాలే అన్నాడు. ఆ పలకను నేను రోజూ చూసేదాన్ని. ట్రైనింగుకు మార్కాపురం వెళ్లి సెలవులకు వచ్చినప్పుడల్లా ముందు దాని దగ్గరికే పోయేదాన్ని, ఉందా అని. అట్లాంటి ఒక సెలవుల్లోనే సంబంధం కుదిరింది. పెళ్లికి వారం ముందు ఇంటికొస్తే కొట్టంలో డ్రస్సింగ్ టేబుల్ ఉంది. నిలువుటద్దం, అటూ ఇటూ సొరుగులు, అద్దం చుట్టూ లతలు. లక్క పాలిష్ కింద ఆ ఊదా చారలు మెరుస్తున్నాయి. నాయన పుల్ల నములుతూ నా వైపు చూస్తున్నాడు, నేనేమంటానో అని. అంత అందమైన వస్తువు ఆయన ఎప్పుడూ చేయలేదు. బాగుంది నాయనా అన్నాను. ఇంకేమనగలను? అత్తగారి ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని పొగిడారు. ఇప్పటికీ నా పడకగదిలో ఉంది. అద్దంలో తల దువ్వుకుంటూ, నాలుగు దశాబ్దాలకు పైగా, ఆ చెక్క నాది అని రోజూ అనుకుంటూనే ఉన్నాను.

ఉద్యోగం, పిల్లలు, బదిలీలు, అనువాదాలు. ఎప్పుడో ఒకసారి కర్నూలులో దుకాణానికి పోయి ఒక గిటారు కొన్నాను. అది గీకడానికి చేసినది, మెడ ఇరుకు, వేలు పెడితే రెండు తీగలు కలిసి మోగేవి. విసిగి ఎవరో పిల్లలకు ఇచ్చేశాను. అప్పట్లో నేర్పేవాళ్లు లేరు, వాయిద్యం లేదు, ఆ సంగీతం పేరు చెబితే తెలిసినవాళ్లు లేరు. ఇప్పుడు ఫోను తీస్తే చాలు, ఏ దేశంవాడో కూర్చుని ప్రతి వేలు ఎక్కడ పెట్టాలో ఓపికగా చూపిస్తాడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు. మా ఊళ్లో ఎండ, వజ్రం కంపు, చెప్పిన మాట అర్థం కాక అరుచుకునే ఇద్దరు మనుషులు ఉంటే తప్ప దొరకనిది, ఇప్పుడు ఉత్తగా దొరుకుతోంది. దొరికే నాటికి నా వేలి కణుపులు వాచిపోయాయి. ఎడమచేతి ఉంగరపు వేలు తీగను అదమలేదు. డాక్టరు వేడినీళ్లలో ముంచమన్నాడు, అంతే.

అటక మీద దొరికినదాన్ని నేను మార్కాపురం తెచ్చుకున్నాక, మా కోడలు ఫోనులో వెతికి, హైదరాబాదులో గిటార్లు చేత్తో చేసే ఒకాయన ఉన్నాడని చెప్పింది. దాన్ని ఆయన దగ్గరికి తీసుకుపోయాను. నలభై నిండని మనిషి. గోనెపట్టా విప్పగానే నేనేమీ చెప్పకముందే, ఇది వేళ్లతో వాయించేవాళ్లకు, అందులోనూ జాజ్ వాయించేవాళ్లకు చేసిందండీ, మెడ చూస్తేనే తెలుస్తోంది అన్నాడు. ఇన్నేళ్లలో నేను వివరించాల్సిన పని లేకుండా దాన్ని గుర్తుపట్టిన మొదటి మనిషి. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆయన చిన్న అద్దం లోపలికి పెట్టి, దీపం వేసి చాలాసేపు చూశాడు. వానాకాలంలో అతికించి ఉంటారు, ఎండకు పై పలక కుంచించుకుపోయి చీలింది, మామూలే అన్నాడు. బాగవుతుందా అని అడిగాను.

"ఇది పాడవలేదమ్మా. లోపలి నుంచి రెండు చెక్కముక్కలు అడ్డం అతికిస్తే సరిపోతుంది. పూట పని."

"అప్పుడు కూడా అయ్యేదా?"

"ఎప్పుడైనా అయ్యేదే. తలుపులు చేసే ఏ వడ్రంగికైనా వచ్చిన పనే ఇది."

ఆయన మంచి మనసుతో చెప్పిన మాట. నాకు మాత్రం కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పగిలిన తలుపులు లోపలి నుంచి పట్టీలు వేసి నాయన నిలబెట్టినవి ఊళ్లో ఎన్నో ఉన్నాయి. అట్లా అతికిస్తుంటే నేను నా కళ్లతో చూశాను, దీపం పట్టుకుని నిలబడ్డాను కూడా. బిరడలు కావాలంటే మద్రాసు నుంచి తెప్పించి ఉండొచ్చు. ఆ పొట్ట అటక మీద, నా తల మీదనే ఉంది. నేను దాని కిందే పడుకున్నాను, దాని కిందే కూర్చుని ట్రైనింగు పరీక్షలకు చదివాను, దాని కిందే నాకు కొత్తది ఎప్పుడు చేస్తావని అడిగాను. చేస్తాలే అన్న మనిషికి అతికిస్తాలే అనే మాట ఎందుకు రాలేదు? ఆంటీ వద్దన్నది ఇంకెవరికీ పనికి రాదనుకున్నాడా, లేక ఆ పగులును మళ్లీ చూడటం ఇష్టం లేకపోయిందా? అడగడానికి నాయన లేడు. ఆయన బతికుండి నేను అడిగినా, నోట్లో పుల్ల అటు నుంచి ఇటు మార్చుకుని ఊరుకునేవాడు.

కొత్త బిరడలూ మెట్లూ తీగలూ వేయించుకుని, కొన్ని వారాల తర్వాత గిటారు బాగై ఇంటికి వచ్చింది. పగులు చోట సన్నటి గీత, అంతే. బొటనవేలి నడక నేను మరిచిపోలేదు, మొదటి సాయంత్రమే వచ్చింది. కుడిచేతి మిగతా వేళ్లలో రెండు పనిచేస్తాయి. ఎడమచేతి ఉంగరపు వేలు పడే చోట స్వరం మోగకుండా బుస్సుమంటుంది. ఒకప్పుడు వచ్చిన మూడు పాటల్లో ఏదీ చివరిదాకా పోదు. ప్రతి పాటా ఒక చోటికి పోయి ఆగిపోతుంది, నేను మళ్లీ మొదటికి వస్తాను. మా ఆయన పక్క గదిలో పేపరు చదువుతూ, బాగానే ఉంది గదా అంటాడు. ఆయనకు తెలియదు అక్కడ ఏం ఉండాలో.

మౌనికి ఫోను చేసి, అది బాగైందని, పూట పనేనట అని చెప్పాను. వాడు సంతోషించాడు. ట్రాక్టర్లో వేసి ఉంటే పోయేది గదక్కా, నీ మాటే నెగ్గింది అన్నాడు.

"నాకు నాయన మీద కోపంగా ఉందిరా."

"నాయన పోయి ఎన్నేండ్లయింది. ఇప్పుడేంది కోపం?"

"ఇప్పుడే గదరా నాకు తెలిసింది" అన్నాను.